ఆయుధాలు అప్పగించిన తర్వాత

అమెరికాలో ఏదో బళ్ళోనో మాల్‌లోనో కాల్పులు జరిగాయని వార్త రాగానే మన వాట్సప్ గ్రూపుల్లో మొదట వచ్చే ప్రశ్న ఒకటే: "మనవాళ్ళు ఎవరన్నా ఉన్నారా?" లేరని తేలాక "వాళ్ళకి ఈ తుపాకుల పిచ్చేంటో" అని ఒకరంటారు, "మన దేశమే నయం" అని ఇంకొకరంటారు. ఉన్నారని తేలినప్పుడు మాటలు రావు. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రంలోని ఒలేతాలో కూచిభొట్ల శ్రీనివాస్‌ని ఒక బార్‌లో కాల్చి చంపారు. "నా దేశం నుంచి పో" అని అరిచి మరీ కాల్చాడు హంతకుడు. 2023 మే 6న టెక్సస్‌లోని అలెన్ మాల్‌లో ఎనిమిది మంది చనిపోయారు. వాళ్ళలో ఒకరు తెలంగాణ నుంచి వెళ్ళి అక్కడ ఇంజనీరుగా పనిచేస్తున్న యువతి.

"మన దేశమే నయం" అన్న మాటలో నిజం ఉంది. స్మాల్ ఆర్మ్స్ సర్వే అనే సంస్థ 2017కి వేసిన అంచనా ప్రకారం అమెరికాలో ప్రతి వంద మందికి 120 తుపాకులు ఉంటే మన దగ్గర ఐదు చిల్లర. బడిలోకి రైఫిల్ పట్టుకుని దూరే పిల్లవాడు మనకి దాదాపు ఊహకే అందడు. కానీ ఆ మాట అనేసి ఊరుకుంటే సగం కథ పోతుంది. పౌరుల చేతిలో తుపాకి ఉండాలా వద్దా అన్న ప్రశ్న మనకి పరాయిది కాదు. ఇప్పటి జహీరాబాద్ మీదుగా పోయే ముంబై హైవే మీద, దాని చుట్టుపక్కల పల్లెల్లో, డెబ్బై ఏళ్ళకి ముందే ఆ ప్రశ్నకి మనుషులు ప్రాణాలతో జవాబు చెప్పారు. అమెరికా చర్చలో వినపడే వాదనలన్నీ, "తుపాకి ఉంటేనే రక్షణ" అనేదీ, "తుపాకులు లాగేసుకుంటేనే శాంతి" అనేదీ, 1948లో హైదరాబాద్ సంస్థానంలో పరీక్షకి నిలబడ్డాయి. రెండూ పూర్తిగా నెగ్గలేదు.

*

జహీరాబాద్ అప్పుడు తెలంగాణ జిల్లాల లెక్కలో లేదు. బీదర్ జిల్లాలో ఒక తాలూకా. 1956లో భాషల వారీగా రాష్ట్రాలు విడగొట్టినప్పుడు బీదర్ మైసూరుకి పోయింది, ఉద్గీర్, నీలంగ వైపు తాలూకాలు బొంబాయికి పోయాయి, జహీరాబాద్, నారాయణఖేడ్ మెదక్‌లో కలిశాయి. ఈ సంగతి ఎందుకు చెప్పాల్సి వస్తోందంటే, మనం పోలీసు చర్య చరిత్ర చదివేటప్పుడు నల్లగొండ, వరంగల్ గురించే చదువుతాం. బీదర్ అనగానే అది కన్నడ వాళ్ళ కథ అనుకుని పేజీ తిప్పేస్తాం. జహీరాబాద్ ఆ తిప్పేసిన పేజీలో ఉంది.

హైదరాబాద్ సంస్థానంలో ప్రైవేటు తుపాకి రజాకార్లతో మొదలవలేదు. పందొమ్మిదో శతాబ్దంలో అరబ్బులు, రోహిల్లాలు జీతానికి ఆయుధం పట్టే సిపాయిలుగా ఉంటూనే వడ్డీ వ్యాపారం కూడా చేసేవాళ్ళు. అప్పు వసూలుకి వచ్చేవాడి భుజాన తుపాకి ఉంటే కోర్టుతో పనేముంటుంది? 1853లో దివాన్ అయిన మొదటి సాలార్‌జంగ్ వాళ్ళని అదుపులోకి తేవడానికి చాలా కష్టపడాల్సి వచ్చింది. ఆ తర్వాత కూడా దేశ్‌ముఖుల గడీల్లో తుపాకులు ఉండేవి, ఊళ్ళో ఉండేవి కావు. చట్టం ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా తుపాకి ఎవరికి ఉండాలో అధికారమే తేల్చేది.

బ్రిటిష్ ఇండియాలో ఇదే పని కాగితం మీద జరిగింది. 1857 భయం పోని తెల్లదొరలు 1878లో ఆయుధాల చట్టం తెచ్చారు. భారతీయుడికి లైసెన్సు కావాలి, యూరోపియన్‌కి అక్కర్లేదు. కూర్గులో కొడవలకి మాత్రం జాతి పేరుమీదే మినహాయింపు ఇచ్చారు. ఆ మినహాయింపు ఇప్పటికీ నడుస్తోంది. గాంధీ లాంటి అహింసావాది కూడా ఆ చట్టాన్ని బ్రిటిష్ పాలన చేసిన చెడ్డ పనుల్లో మహా చెడ్డదని తిట్టాడంటే ఆశ్చర్యం వేస్తుంది. కానీ ఆయన కోపం తుపాకి దొరకలేదని కాదు. ఒక జాతి మొత్తాన్నీ నమ్మదగని వాళ్ళని ముద్ర వేసిందని. 1931 కరాచీ కాంగ్రెస్ తీర్మానంలో ప్రాథమిక హక్కుల జాబితా చూస్తే, నిబంధనలకి లోబడి ఆయుధం ఉంచుకునే హక్కు అందులో ఉంది. మనవాళ్ళూ ఒకప్పుడు అమెరికా రెండో సవరణ లాంటిదే కోరుకున్నారు.

*

1946 జూలై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమురయ్య చనిపోయాడు. ఊరేగింపులో వస్తున్న జనం దగ్గర కర్రలు, ఒడిసెలలు తప్ప ఏమీ లేవు. ఒకవైపే తుపాకి ఉంటే ఏమవుతుందో తెలంగాణ పల్లెలు చూసిన రోజది. 1947 సెప్టెంబర్ 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాటానికి పిలుపిచ్చారు. అప్పటినుంచి గడీల మీద దాడులు చేసి తుపాకులు తెచ్చుకోవడం దళాల పనైంది.

అవతల రజాకార్లు. ఖాసిం రజ్వీ నాయకత్వంలో వాళ్ళ సంఖ్య రెండు లక్షలని చెప్పుకునేవారు. వాళ్ళలో నాలుగో వంతు మంది దగ్గరే కొత్తరకం తుపాకులు ఉండేవని, మిగతావాళ్ళవి భర్మార్లు, కత్తులు అని లెక్క. కరాచీ నుంచి సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా పైలట్ విమానాల్లో దొంగచాటుగా ఆయుధాలు తెచ్చి సంస్థానంలో దింపేవాడు. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. రజాకార్లు సైన్యం కాదు, పోలీసులు కాదు. ప్రభుత్వం చూసీచూడనట్టు వదిలేసిన, చాలాచోట్ల వెనక నిలబడి సాయం చేసిన పౌరులు. 'సుశిక్షితమైన మిలీషియా' గురించి అమెరికా రాజ్యాంగంలో ఉన్న మాట చదివినప్పుడల్లా నాకు వీళ్ళే గుర్తొస్తారు. మిలీషియా అన్న మాట వినడానికి బాగానే ఉంటుంది. అది ఎవరి తరఫున ఉందన్నదే అసలు సంగతి.

1948 ఆగస్టు మన తెలంగాణ చరిత్రలో ఒక చీకటి నెల. ఆ నెలలోనే హైదరాబాద్‌లో 'ఇమ్రోజ్' పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ని కాల్చి, రాసే చెయ్యి నరికారు. ముస్లిం అయి ఉండి రజాకార్లకి వ్యతిరేకంగా రాశాడు, అదీ ఆయన నేరం. కొన్ని రోజులకే, ఆగస్టు 27న, భైరాన్‌పల్లి.

తుపాకి చర్చలో భైరాన్‌పల్లిని దాటేసి మాట్లాడలేం. ఇప్పటి సిద్దిపేట జిల్లాలోని ఆ ఊళ్ళో జనం రక్షణ దళం పెట్టుకున్నారు. ఊరి నడుమ బురుజు మీద కాపలా. దొరికిన తుపాకులు, నాటు ఆయుధాలు, బురుజు మీద నగారా. రజాకార్లు ముందు వచ్చినప్పుడు తరిమికొట్టారు కూడా. అంటే అమెరికాలో తుపాకి హక్కు కోరేవాళ్ళు చెప్పేదేదో ఇక్కడ నిజంగా జరిగింది: ఆయుధం పట్టిన ఊరు తనను తాను కాపాడుకుంది. కానీ ఆగస్టు 27 తెల్లవారుజామున వచ్చింది రజాకార్లు ఒక్కళ్ళే కాదు, వాళ్ళ వెంట నిజాం పోలీసులు, సైనికులు, ఫిరంగి. బురుజు మీదున్నవాళ్ళు పోయాక ఊరి మగవాళ్ళని బయటకి లాగి వరసగా నిలబెట్టి కాల్చారు. తొంభై మందికి పైగా చనిపోయారు. కొన్ని లెక్కల్లో ఇంకా ఎక్కువ.

దీన్నుంచి ఏం అర్థం చేసుకోవాలి? "తుపాకులు ఉండబట్టే వాళ్ళని చంపారు" అనడం అన్యాయం. తుపాకులు లేని ఊళ్ళనీ తగలబెట్టారు. అలాగని "ఇంకా ఎక్కువ తుపాకులు ఉంటే బతికేవాళ్ళు" అనడానికీ లేదు. చిన్న ముఠా వచ్చినప్పుడు బురుజు పనికొచ్చింది. రాజ్యమే ముఠాలో చేరి ఫిరంగితో వచ్చినప్పుడు పనికిరాలేదు. నియంతృత్వాన్ని ఆపడానికే పౌరుడికి తుపాకి కావాలంటారు అమెరికాలో. రాజ్యం ఎదురు తిరిగిన రోజున ఇంట్లోని తుపాకి ఎంత దూరం వస్తుందో చెప్పే కొలత భైరాన్‌పల్లి బురుజు. రాజ్యం దారిలో ఉన్న ఉవాల్డేలోనే ఏమైందో చూడండి. 2022 మే 24న ఆ టెక్సస్ ఊళ్ళో 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు చనిపోయారు. బడి దగ్గరికి వచ్చిన పోలీసు బలగం 376 మంది. అందరి దగ్గరా తుపాకులున్నాయి. లోపల ఉన్నది ఒక్కడు. వాణ్ణి ఆపడానికి 77 నిమిషాలు పట్టింది. మంచివాడి చేతిలో తుపాకి ఉంటే చాలన్న మాట ఆ కారిడార్‌లోనే ఆగిపోయింది.

*

ఇక సెప్టెంబర్. 13న యూనియన్ సైన్యం సంస్థానంలోకి వచ్చింది. ప్రధాన దండు వచ్చింది షోలాపూర్ వైపు నుంచే. నల్‌దుర్గ్, ఉమర్గా, హుమ్నాబాద్, అక్కణ్ణుంచి జహీరాబాద్. నాలుగో రోజు, 16న, లెఫ్టినెంట్ కల్నల్ రాంసింగ్ బలగం తెల్లవారగానే జహీరాబాద్ వైపు కదిలింది. దారిలో మందుపాతరలు. వాటిని తీసేదాకా ఆగాల్సి వచ్చింది. బీదర్ రోడ్డు వచ్చి హైవేలో కలిసే చోట మాటు వేసినవాళ్ళు కాల్పులు జరిపారు. కొంతమందిని అక్కడ వదిలి మిగతా దండు ముందుకి నడిచింది. రాత్రయ్యేసరికి జహీరాబాద్ దాటి పదిహేను కిలోమీటర్లు వచ్చేసింది. దారి పొడుగునా ఎదురు తిరిగింది ఎక్కువగా రజాకార్లే. నేల తెలిసినవాళ్ళు కాబట్టి కాసేపు నిలిచారు, 75 ఎం.ఎం. ఫిరంగులు వచ్చేదాకా. 17న నిజాం రేడియోలో లొంగుబాటు ప్రకటించాడు. 18న మేజర్ జనరల్ ఎల్ ఎద్రూస్, మేజర్ జనరల్ చౌధురికి సైన్యాన్ని అప్పగించాడు.

బళ్ళో చదివే చరిత్ర సాధారణంగా ఇక్కడితో అయిపోతుంది. ఆయుధాల చరిత్ర మాత్రం ఇక్కడే మొదలవుతుంది. లక్షల చేతుల్లో తుపాకులు, కత్తులు ఉన్న సంస్థానంలో కొత్త ప్రభుత్వం చెయ్యాల్సిన మొదటి పని నిరాయుధీకరణ. ఇప్పటి భాషలో చెప్పాలంటే గన్ కంట్రోల్. అది అవసరం కూడా. రజాకార్లు చేసింది చూశాక ఆ ఆయుధాలు జనంలో ఉంచాలని ఎవరూ అనరు.

ఎలా చేశారన్నది తెలుసుకోవాలంటే సుందర్‌లాల్ కమిటీ నివేదిక చదవాలి. పోలీసు చర్య తర్వాత మారణకాండ జరిగిందని ఢిల్లీకి కబుర్లు చేరడంతో నెహ్రూ ప్రభుత్వం పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీలను పంపింది. నవంబర్ చివర వచ్చి డిసెంబర్‌లో వాళ్ళు పదహారు జిల్లాల్లో తొమ్మిది తిరిగారు. పోలీసు చర్య సమయంలో, ఆ తర్వాత, చాలా తగ్గించి చెప్పినా 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని వాళ్ళ అంచనా. అన్నిటికన్నా ఘోరంగా దెబ్బతిన్న నాలుగు జిల్లాలు ఉస్మానాబాద్, గుల్బర్గా, నాందేడ్, బీదర్. జహీరాబాద్ తాలూకా ఉన్న బీదర్.

చనిపోయినవాళ్ళలో అత్యధికులు ముస్లింలు. వాళ్ళలో రజాకార్లు ఎందరు, రజాకార్ల పేరు కూడా పలకని దర్జీలు, సాలెవాళ్ళు, కూలీలు ఎందరు అని ఎవరూ వేరుచేసి చూడలేదు. నివేదికలో ఆయుధాల గురించిన పరిశీలన చిన్నదే, కానీ ఆలోచిస్తే నిద్ర పట్టదు. సైన్యం ముస్లిం గ్రామస్తుల దగ్గర ఆయుధాలు తీసేసుకుంది, హిందువుల దగ్గర ఉన్నవి చాలాచోట్ల వాళ్ళ దగ్గరే వదిలేసింది. అంటే నిన్నటిదాకా తుపాకి ఒకవైపు ఉంది, ఈ రోజు నుంచి ఇంకోవైపు ఉంది. మధ్యలో సర్కారు వచ్చి చేసిన పని తూకాన్ని తిరగెయ్యడం. దాని పేరు శాంతిస్థాపన.

ఈ నివేదికని ప్రభుత్వం దశాబ్దాలపాటు బయటపెట్టలేదు. 2013లో గానీ అది ఢిల్లీలోని నెహ్రూ మెమోరియల్ లైబ్రరీలో జనం చదువుకోవడానికి అందుబాటులోకి రాలేదు. అదే ఏడాది వచ్చిన ఎ.జి.నూరానీ పుస్తకంలోనూ దాన్ని చూడొచ్చు. అందులో రజాకార్ల అకృత్యాల ప్రస్తావన కూడా ఉంది. ఒకటి చెబితే రెండోది లేనట్టు కాదు. భైరాన్‌పల్లిని గుర్తుపెట్టుకునేవాళ్ళు బీదర్‌ని మర్చిపోతారు, బీదర్‌ని చెప్పేవాళ్ళు భైరాన్‌పల్లిని దాటేస్తారు. మన దగ్గర సెప్టెంబర్ 17 మీద ప్రతి ఏడూ జరిగే గొడవంతా ఇదే. కానీ తుపాకి వైపు నుంచి చూస్తే రెండూ ఒకే కథ. ఆగస్టులోనూ అక్టోబర్‌లోనూ చనిపోయినవాళ్ళకి ఒకటే జరిగింది: ఎదుటివాడి చేతిలో ఆయుధం ఉంది, తనను కాపాడాల్సిన రాజ్యం పక్కకి తప్పుకుంది, లేదా ఎదుటివాడి పక్కన నిలబడింది.

*

ఇది మన ఒక్కళ్ళకే జరిగింది కాదు. అమెరికా అంతర్యుద్ధం అయిపోయాక దక్షిణ రాష్ట్రాలు, బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లవాళ్ళు తుపాకి పెట్టుకోకూడదని చట్టాలు చేశాయి. 1873లో లూసియానాలోని కోల్ఫాక్స్‌లో తెల్ల ముఠాలు నల్లవాళ్ళని, చాలామందిని లొంగిపోయాక, కాల్చి చంపాయి. కొన్ని లెక్కల్లో చనిపోయినవాళ్ళు నూటయాభై మంది. ఆ కేసు సుప్రీంకోర్టుకి వెళ్తే, రెండో సవరణ కేంద్ర ప్రభుత్వాన్నే కట్టడి చేస్తుంది తప్ప ఒక పౌరుడి మీద ఇంకో పౌరుడు చేసిన దాడికి అది వర్తించదని 1876లో తీర్పు వచ్చింది. హక్కు కాగితం మీద ఉంది. చచ్చిపోయినవాళ్ళకి అది పనికిరాలేదు. మళ్ళీ 1967లో, బ్లాక్ పాంథర్లు తుపాకులు భుజాన వేసుకుని వీధుల్లో గస్తీ తిరగడం మొదలుపెట్టాక, కాలిఫోర్నియాలో నిండు తుపాకితో బహిరంగంగా తిరగడాన్ని నిషేధించారు. సంతకం పెట్టిన గవర్నర్ రొనాల్డ్ రీగన్.

అందుకే అక్కడి నల్లవాళ్ళలో కొందరు, మైనారిటీల్లో కొందరు గన్ కంట్రోల్ అనగానే అనుమానంగా చూస్తారు. వాళ్ళని తుపాకి పిచ్చోళ్ళని కొట్టిపారెయ్యలేం. బీదర్ జిల్లా తెలిసినవాడికి ఆ అనుమానం ఎక్కణ్ణుంచి వస్తుందో అర్థమవుతుంది.

మరి తుపాకి హక్కే సరైనదా? ఇక్కడ ఢిల్లీకి వెళ్ళాలి. సుందర్‌లాల్ బృందం హైదరాబాద్ జిల్లాలు తిరుగుతున్న ఆ డిసెంబర్ మొదటి రోజుల్లోనే రాజ్యాంగ సభలో, ఇప్పటి 19వ అధికరణం మీద చర్చ నడుస్తోంది. హెచ్.వి.కామత్ ఒక సవరణ పెట్టాడు. కరాచీ తీర్మానంలో ఉన్నట్టు ఆయుధం కలిగి ఉండే హక్కుని ప్రాథమిక హక్కుల్లో చేర్చాలన్నాడు. అంబేద్కర్ ఒప్పుకోలేదు. అప్పట్లో ఆ కోరిక పుట్టింది తెల్లవాడికొక న్యాయం, మనకొక న్యాయం ఉండబట్టేనని, ఇప్పుడు పరిస్థితి వేరని అన్నాడు. ఎవడు పడితే వాడు బజారుకెళ్ళి ఆయుధం కొనుక్కోవచ్చంటే రాజ్యం నడవదన్నాడు. పౌరుడికి ఉండాల్సింది ఆయుధం పట్టే హక్కు కాదు, దేశానికి అవసరమైనప్పుడు పట్టే బాధ్యత అన్నాడు. సవరణ వీగిపోయింది. ఆ సభలో అప్పటికి హైదరాబాద్ నుంచి ఒక్క సభ్యుడూ లేడు. ఉంటే ఏం మాట్లాడేవాడు? భైరాన్‌పల్లి వాడు ఒకటి చెప్పేవాడు, బీదర్ వాడు ఇంకొకటి. లేదా, ఇద్దరూ ఒకటే అడిగి ఉండేవాళ్ళేమో: తుపాకి ఇచ్చేస్తాం, మమ్మల్ని ఎవరు కాపాడతారో చెప్పండి.

నా ఉద్దేశంలో అంబేద్కర్ చెప్పిందే సరి. కానీ ఆయన మాట ఒంటరిగా నిలబడదు. గన్ కంట్రోల్ అనేది రెండు షరతుల ఒప్పందం. నేను నా ఆయుధం వదిలేస్తాను, ఇది మొదటిది. నువ్వు నన్నూ నా పొరుగువాణ్ణీ ఒకేలా కాపాడతావు, ఒకేలా నిరాయుధం చేస్తావు, ఇది రెండోది. అమెరికా మొదటి షరతు దగ్గరే ఆగిపోయింది. 2008లో హెల్లర్ కేసులో సుప్రీంకోర్టు ఐదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపుగా చీలి, ఆత్మరక్షణకి ఇంట్లో తుపాకి ఉంచుకోవడం వ్యక్తి హక్కని తేల్చింది. దాంతో అక్కడ మొదటి షరతు ఇంకా కష్టమైంది. 1948 బీదర్‌లో మొదటిది కొందరికే వర్తించింది, రెండోది లేనే లేదు.

రెండూ కలిసినప్పుడు ఎలా ఉంటుందో ఆస్ట్రేలియా చూపించింది. 1996 ఏప్రిల్ 28న పోర్ట్ ఆర్థర్‌లో ఒక్కడు 35 మందిని చంపాడు. రెండు వారాలు తిరక్కుండానే అక్కడి కేంద్రం, రాష్ట్రాలు కలిసి ఒప్పందానికి వచ్చాయి. దాదాపు ఆరున్నర లక్షల తుపాకులని డబ్బిచ్చి కొని కరిగించేశారు. రైతు, వేటగాడు, నగరంవాడు, అందరికీ రూలు వర్తించింది. ప్రధాని జాన్ హోవర్డ్ స్వయంగా సంప్రదాయవాది, తన సొంత ఓటర్ల తుపాకులే తీసుకున్నాడు. నాకు ఆ కథలో ముఖ్యమనిపించేది ఇదే. అవతలివాడి తుపాకి లాక్కోవడం ఏ ప్రభుత్వానికైనా తేలికే. తనవాడిది తీసుకోగలిగినప్పుడే దాన్ని చట్టం అనాలి.

*

తెలంగాణలో తుపాకులు చివరికి ఎలా దిగాయన్నది ఇంకో పాఠం. సెప్టెంబర్ 1948 తర్వాత కూడా కమ్యూనిస్టు దళాలు ఆయుధాలు దించలేదు. దించాలని రావి నారాయణరెడ్డి లాంటివాళ్ళు, కూడదని ఇంకొందరు, పార్టీ లోపలే పెద్ద గొడవ. మూడేళ్ళు అడవుల్లో సైన్యంతో పోరాడాక 1951 అక్టోబర్ 21న విరమించారు. ఈలోపు 1949లో జాగీర్లు రద్దయ్యాయి, 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. 1952 ఎన్నికల్లో నల్లగొండ నుంచి రావి నారాయణరెడ్డి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో లోక్‌సభకి వెళ్ళాడు. సైన్యం ఒత్తిడి లేదని కాదు, ఉంది. దళాలు బాగా దెబ్బతిన్నాయి కూడా. కానీ తుపాకి దించిన రైతుకి చేతిలో ఓటు ఉంది, అరకొరగానైనా భూమి మీద కాగితం ఉంది. తుపాకి వదిలేసిన చెయ్యి ఖాళీగా ఉంటే అది మళ్ళీ తుపాకిని వెతుక్కుంటుంది.

1959లో మనకి సొంత ఆయుధాల చట్టం వచ్చింది. లైసెన్సు కావాలంటే కలెక్టరుకో కమిషనరుకో దరఖాస్తు, పోలీసు విచారణ, ఎందుకు కావాలో కారణం. 2016 రూల్స్‌తో శిక్షణ, ఇంట్లో భద్రంగా దాచే ఏర్పాటు కూడా కలిశాయి. 2019 సవరణతో ఒక మనిషికి మూడు తుపాకుల బదులు రెండే. పెళ్ళి బరాత్‌లో గాల్లోకి కాల్చడం కూడా నేరమైంది. ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకులు పోలీస్ స్టేషన్‌లో డిపాజిట్ చెయ్యాలి. బడిలో కాల్పుల లాంటి నేరాన్ని ఆపడంలో ఈ వడపోత పనిచేస్తుంది. ఎందుకంటే అలాంటి హంతకుడు తరచుగా నేరచరిత్ర లేని కుర్రాడు, కోపం, ఒంటరితనం, దగ్గర్లో షాపు. ఉవాల్డే కుర్రాడు పద్దెనిమిదేళ్ళు నిండగానే రైఫిళ్ళు చట్టప్రకారమే కొన్నాడు. ఇక్కడైతే ఇరవై ఒకటి నిండాలి, నిండినా ఒక నిమిషం కోపానికీ తుపాకికీ మధ్య నెలల తరబడి కాగితాలు అడ్డుంటాయి. మా ఉద్యోగాల్లో పర్మిషన్ ఇచ్చే ముందు రెండో మనిషి చూడాలని రూలు పెట్టేది కూడా ఇందుకే. ఎవర్నీ దొంగ అనడం కాదు. అందరికీ ఒక చెడ్డ రోజు ఉంటుంది.

లైసెన్సు ఉన్నంత మాత్రాన అంతా బాగుంటుందనీ కాదు. 2020 డిసెంబర్‌లో ఆదిలాబాద్‌లో పిల్లల క్రికెట్ దగ్గర మొదలైన గొడవలో ఒక స్థానిక నాయకుడు లైసెన్సున్న రివాల్వర్‌తో కాల్చాడు, ఒక మనిషి చనిపోయాడు. ఆ లైసెన్సు ఎవరికి దొరుకుతుందో ఎవరికి దొరకదో చూస్తే గడీ కాలం పూర్తిగా పోలేదనిపిస్తుంది. పలుకుబడి ఉన్నవాడికి గన్‌మన్ ఒక హోదా. నిజంగా ప్రాణభయం ఉన్న పేదవాడికి, కులం దాటి పెళ్ళి చేసుకున్న జంటకి, దరఖాస్తు ఫారం ఎక్కడ దొరుకుతుందో కూడా తెలీదు. ఇక మన దగ్గర జరిగిన పెద్ద పెద్ద మారణకాండలకి తుపాకి అక్కర్లేకపోయింది. కారంచేడులో 1985లో, చుండూరులో 1991లో దళితుల్ని చంపినవాళ్ళు గొడ్డళ్ళు, బరిసెలు పట్టుకొచ్చారు. తుపాకి లేకపోవడం వల్ల మనం అమెరికా కాలేదు, నిజమే. కానీ రెండో షరతు ఉల్లంఘించినప్పుడల్లా మనం మళ్ళీ 1948 అక్టోబర్ అవుతున్నాం.

కాబట్టి గన్ కంట్రోల్ కావాలా అని ఎవరన్నా అడిగితే కావాలనే చెప్తాను. అమెరికాకీ కావాలి. ఒలేతా, అలెన్ తర్వాత అక్కడున్న మన కుటుంబాలకి ఇంకా బాగా తెలుసు ఆ సంగతి. కానీ "తుపాకులు తీసేసుకోండి" అన్న నినాదం వినగానే రెండో ప్రశ్న కూడా అడగాలి: ఎవరెవరి దగ్గర? తీసుకున్న మర్నాడు రాత్రి ఆ ఇంటి ముందు కాపలా ఎవరు?

సుందర్‌లాల్ నివేదికలో ఒక సంగతి ఉంది. అన్నిచోట్లా పొరుగువాడు పొరుగువాణ్ణి చంపలేదు. ఒకే వృత్తి చేసుకునేవాళ్ళ మధ్య దగ్గరితనం ఎక్కువ కనపడిందని రాశారు. కొన్నిచోట్ల హిందూ సాలెవాళ్ళు ముస్లిం సాలెవాళ్ళకి అడ్డం నిలబడి, దాడికొచ్చిన హిందువుల నుంచి కాపాడారు. అందులో కొందరు ప్రాణాలు కూడా పోగొట్టుకున్నారు. మగ్గం ముందు కూర్చునేవాళ్ళు అంత పని చేశారంటే చెయ్యెత్తి దండం పెట్టాలి. కానీ అది వాళ్ళు చెయ్యాల్సిన పని కాదు. ఆయుధాలు అప్పగించమని దండోరా వేయించినవాళ్ళ పని.